స్ట్రాటక్స్ ఏడీఎస్-బీ రిసీవర్ రివ్యూ: చిన్న విమానం నడిపేవాళ్లు కొనవచ్చా?

చిన్న ప్రైవేటు విమానాలు గాల్లో ఢీకొన్న ప్రమాదాలను వరసగా చూసుకుంటూ వెళ్తే మబ్బులు, చీకటి వాటిలో పెద్దగా కనిపించవు. ఎక్కువ భాగం పట్టపగలు, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, విమానాశ్రయానికి ఐదు మైళ్ల లోపు జరిగినవే. చాలాసార్లు రెండూ ఒకే రన్‌వే మీద దిగడానికి వస్తున్న విమానాలే. అలాంటి ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి, చుట్టూ ఉన్న విమానాలను తెర మీద చూపిస్తూ జేబుకు అందే ధరలో దొరికే పరికరం స్ట్రాటక్స్. కొనవచ్చా అంటే, అమెరికాలో ఎగిరేవాళ్లు నిస్సందేహంగా కొనవచ్చు. అయితే ఢీకొనే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటే, అంటే ప్యాటర్న్‌లో (దిగేముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలో), దీని బలం తగ్గిపోతుంది. ఆ సంగతి తెలియకుండా వాడితే పెట్టె ఉందన్న ధైర్యమే హాని చేస్తుంది. అందుకే ఈ రివ్యూలో ధర గురించి కంటే, ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు అన్నదాని గురించే ఎక్కువగా చెప్పాం.

స్ట్రాటక్స్ 2015లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, రెండు యూఎస్‌బీ రేడియో డాంగిల్స్, వాటికి రెండు యాంటెన్నాలు, ఒక జీపీఎస్, ఒక చిన్న ఫ్యాన్, పైన ప్లాస్టిక్ డబ్బా. చుట్టుపక్కల విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును సుమారు సెకనుకోసారి ప్రసారం చేస్తుంటాయి. ఈ ప్రసారమే ఏడీఎస్-బీ అవుట్. స్ట్రాటక్స్ దాన్ని అందుకుని వైఫై ద్వారా ఐప్యాడ్‌కో ఫోన్‌కో పంపిస్తుంది. ఫోర్‌ఫ్లైట్, ఉచితంగా దొరికే ఫ్లైట్‌ప్లాన్ గో, ఆండ్రాయిడ్‌లో అవేర్ వంటి యాప్‌లు ఆ సమాచారాన్ని మ్యాప్ మీద చూపిస్తాయి. విడిభాగాలు కొని కట్టుకుంటే 200 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది, కట్టినది కొంటే 300 దాటుతుంది. విమానానికి బిగించే పరికరం కాదు కనుక మెకానిక్ సంతకం, అనుమతి పత్రాలు అక్కర్లేదు. స్కూలు విమానాలు అద్దెకు తీసుకునే విద్యార్థులు సంచిలో పెట్టుకుని రోజుకో విమానంలో వాడుకోవచ్చు. అమెరికాలో శిక్షణ తీసుకునే తెలుగు పిల్లలకు ఇది మంచి సౌకర్యం.

కళ్లు ఉండగా పెట్టె ఎందుకంటారా? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చాలా కాలంగా పైలట్లకు ఇస్తున్న లెక్క ఒకటుంది. ఎదుటి విమానం కంటపడడానికి 0.1 సెకను, అది విమానమని గుర్తించడానికి 1 సెకను, మన దారికే వస్తోందని గ్రహించడానికి 5 సెకన్లు, ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి 4 సెకన్లు, చెయ్యి కదలడానికి 0.4, విమానం స్పందించడానికి 2 సెకన్లు. మొత్తం 12.5 సెకన్లు. ఎదురెదురుగా 120 నాట్ల (గంటకు 120 నాటికల్ మైళ్ల) చొప్పున వస్తున్న రెండు విమానాల మధ్య ఆ సమయంలో 5,000 అడుగుల దూరం కరిగిపోతుంది. అంత దూరంలో చిన్న విమానం చుక్కలా ఉంటుంది. పైగా సరిగ్గా మనల్ని ఢీకొనబోయే విమానం అద్దంలో పక్కకు జరగదు, ఉన్నచోటే ఉండి మెల్లగా పెద్దదవుతుంది. కదలని దాన్ని కన్ను పట్టుకోలేదు.

ఇక వెనకనుంచి వచ్చేదాన్ని ఎవరు చూడగలరు? 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, కంట్రోల్ టవర్ లేని విమానాశ్రయంలో, సెస్నా 152 అనే చిన్న విమానం ప్యాటర్న్‌లో తిరిగి ఫైనల్‌కు (రన్‌వేకు సూటిగా దిగే చివరి దారికి) వస్తోంది. దూరం నుంచి సూటిగా దిగుతున్న రెండింజన్ల సెస్నా 340 సుమారు 180 నాట్ల వేగంతో దాని మీదికి వచ్చింది. ఇద్దరు పైలట్లూ రేడియోలో తమ స్థానం చెబుతూనే ఉన్నారు. ముగ్గురు చనిపోయారు. దిగేటప్పుడు 152 వేగం 70 నాట్లు అనుకుంటే, తేడా 110 నాట్లు. అంటే చివరి నాటికల్ మైలు కరగడానికి 33 సెకన్లు చాలు. ఆ 340 రన్‌వేకు పది మైళ్ల దూరంలో ఉన్నప్పుడే తెర మీద దాని వేగం అంకె చూసి, ‘ఇది మామూలు శిక్షణ విమానం కాదు, నేను బేస్ (ఫైనల్‌కు ముందు రన్‌వేకు అడ్డంగా వెళ్లే దారి) తిరిగేలోపు వచ్చేస్తుంది’ అని అంచనా వేసుకోవడం సాధ్యమే. స్ట్రాటక్స్ లాంటి పెట్టె అసలు ఉపయోగం ఇదే. ప్యాటర్న్‌లోకి వెళ్లకముందే ఎవరు ఎక్కడున్నారో, ఎంత వేగంతో ఎటు వస్తున్నారో చెబుతుంది. రేడియోలో వినిపించే మాటకు తెర మీద ఒక బాణం గుర్తు జతవుతుంది.

కొనేముందు అమెరికా పద్ధతి ఒకటి అర్థం చేసుకోవాలి, లేకపోతే సగం పెట్టె కొని మోసపోతారు. అక్కడ ఏడీఎస్-బీ రెండు ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుంది. 1090 మెగాహెర్ట్జ్ పెద్ద విమానాలూ చిన్నవీ వాడేది. 978 మెగాహెర్ట్జ్ 18,000 అడుగుల లోపు ఎగిరే చిన్న విమానాలకు మాత్రమే. ఒక ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేసే విమానం రెండో ఫ్రీక్వెన్సీ మాత్రమే వినే రిసీవర్‌కు నేరుగా కనిపించదు. ఈ లోటు తీర్చడానికి నేలమీది కేంద్రాలు ఒకదాన్ని విని రెండో దాంట్లో తిరిగి ప్రసారం చేస్తాయి. ఏడీఎస్-బీ అవుట్ లేకపోయినా ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు బదులిచ్చే పరికరం) ఉన్న విమానాలను రాడార్‌లో చూసి వాటి స్థానాన్ని కూడా పంపుతాయి. ఈ రెండో సేవను టిస్-బీ అంటారు.

రెండింటికీ ఒకే ఇబ్బంది. నేలమీది కేంద్రం మనకు కనుచూపులో ఉండాలి. ప్యాటర్న్ ఎత్తు నేలనుంచి సుమారు 1,000 అడుగులు. చాలా చిన్న విమానాశ్రయాల్లో ఆ ఎత్తుకు దిగేసరికి గుట్టలు, చెట్లు, దూరం అడ్డుపడి కేంద్రం సిగ్నల్ పోతుంది. ఆ క్షణం నుంచి తిరిగి ప్రసారమయ్యే విమానాలన్నీ తెర మీంచి తొలగిపోతాయి. మిగిలేవి నేరుగా విమానం నుంచి విమానానికి అందేవే. అందుకే రెండు డాంగిల్స్ ఉన్న స్ట్రాటక్సే కొనాలని గట్టిగా చెబుతున్నాం. ఒకే డాంగిల్‌తో తక్కువ ధరకు అమ్మేవి పైన తిరిగేటప్పుడు బాగానే చూపించి, సరిగ్గా ప్యాటర్న్‌లోకి దిగాక సగం విమానాలను దాచేస్తాయి.

రెండో షరతు ఇంకా ముఖ్యం. నేలమీది కేంద్రాలు అందరి కోసం అన్నీ ప్రసారం చేయవు. ఏడీఎస్-బీ అవుట్ ఉన్న విమానం చుట్టూ సుమారు 15 నాటికల్ మైళ్ల వృత్తంలో, 3,500 అడుగుల పైనా కిందా ఉన్న ట్రాఫిక్‌ను ఆ విమానం కోసం పంపుతాయి. మీ విమానానికి అవుట్ లేకపోతే మీ కోసం ఏమీ పంపవు. దగ్గర్లో అవుట్ ఉన్న వేరే విమానం ఉంటే దాని కోసం పంపిన బొమ్మ మీకూ కనిపిస్తుంది, కానీ అది దాని చుట్టూ ఉన్న బొమ్మ. తెర మీద నాలుగు విమానాలు చూసి అంతే ఉన్నాయనుకోవడం అక్కడే కొంప ముంచుతుంది. అవుట్ లేని పాత విమానం మీ సొంతమైతే, ముందు డబ్బు దాని మీద పెట్టండి. రెక్క చివర దీపం స్థానంలో బిగించే స్కైబీకన్, తోక దీపం స్థానంలో బిగించే టెయిల్‌బీకన్ లాంటివి పని త్వరగా తేలుస్తాయి. అద్దె విమానమైతే దాని అవుట్ సరిగా పనిచేస్తోందో లేదో ఎఫ్ఏఏ ఉచితంగా ఇచ్చే పనితీరు నివేదికలో తెలుస్తుంది. ఎగిరిన తేదీ, విమానం నంబరు ఇస్తే ఈమెయిల్‌కు వస్తుంది. స్కూలు వాళ్లను అడిగి తెప్పించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు కట్టుకోవడం గురించి. ఎస్‌డీ కార్డులోకి సాఫ్ట్‌వేర్ ఇమేజ్ రాయడం, డాంగిల్స్ గుచ్చడం, డబ్బా మూయడం ఒక సాయంత్రం పని. చిక్కులు వచ్చేది మూడు చోట్ల. మొదటిది డాంగిల్స్ గుర్తింపు. ఏ డాంగిల్ 1090, ఏది 978 అన్నది వాటి సీరియల్ నంబర్‌లో రాసి ఉండాలి. విడిగా కొన్న మామూలు డాంగిల్స్‌లో ఆ గుర్తు ఉండదు, ఒక కమాండ్‌తో మనమే రాయాలి. రాయకపోతే బూట్ అయిన ప్రతిసారీ పాత్రలు తారుమారు కావచ్చు, అప్పుడు 978 యాంటెన్నాతో 1090 వినే పరిస్థితి వస్తుంది. పెట్టె పనిచేస్తున్నట్టే ఉంటుంది, దూరం మాత్రం బాగా తగ్గిపోతుంది. ట్రాఫిక్ తక్కువగా కనిపిస్తోందని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇదే.

రెండోది కరెంటు. బోర్డు, రెండు డాంగిల్స్, ఫ్యాన్ కలిసి 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ పైనే లాగుతాయి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అయిదు గంటల దాకా నడిపిస్తుంది. కానీ సన్నటి, పొడవాటి యూఎస్‌బీ తీగ వాడితే వోల్టేజ్ పడిపోయి బోర్డు గాల్లోనే రీబూట్ అవుతుంది. అది కూడా ఎండవేళ, బోర్డు వేడెక్కి ఉన్నప్పుడు. పొట్టిది, లావుది, మంచి తీగ కొనండి. పవర్ బ్యాంక్ 2.4 ఆంపియర్లు ఇవ్వగలగాలి.

మూడోది వేడి. అద్దం కింద డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే ఫ్యాన్ ఉన్నా సరిపోదు. పక్క కిటికీకి సక్షన్ కప్పుతోనో, వెనక సీటు పక్కనో పెట్టడం మంచిది. యాంటెన్నాలు నిలువుగా ఉండాలి. శరీరం, ఇంజన్, రెక్క అడ్డుపడిన వైపు సిగ్నల్ తగ్గుతుందని గుర్తుంచుకోండి. కింది రెక్క విమానంలో సరిగ్గా కింద ఉన్న విమానం కంటికీ కనబడదు, పెట్టెకూ బలహీనంగానే అందుతుంది.

తప్పనిసరిగా కొనాల్సిన మరో చిన్న భాగం బారోమీటర్ ఉన్న సెన్సర్ బోర్డు. కృత్రిమ క్షితిజం (విమానం ఎటు వాలి ఉందో తెలిపే బొమ్మ) చూపించడానికి ఇది అదనపు హంగు అనుకుని చాలామంది వదిలేస్తారు. అసలు అవసరం వేరే. ఇతర విమానాలు ప్రసారం చేసేది ప్రామాణిక పీడనం 29.92 (పాదరస అంగుళాల్లో) మీద లెక్కించిన ఎత్తు. మన దగ్గర బారోమీటర్ లేకపోతే యాప్ జీపీఎస్ ఎత్తుతో పోల్చాల్సి వస్తుంది. ఆ రోజు పీడనం 30.42 ఉంటే తేడా సుమారు 500 అడుగులు. మీ ఎత్తులోనే ఉన్న విమానం తెర మీద అయిదు వందల అడుగుల కిందో పైనో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇరవై, ముప్పై డాలర్ల కోసం దీన్ని వదులుకోవద్దు.

సెట్టింగ్స్ వైఫైలో ‘స్ట్రాటక్స్’ నెట్‌వర్క్‌కు కలిసి, బ్రౌజర్‌లో 192.168.10.1 తెరిస్తే వస్తాయి. ఇక్కడ మీరు ఎక్కే విమానం మోడ్-ఎస్ కోడ్ (ఆ విమానం తన ప్రసారాల్లో పంపే గుర్తింపు సంఖ్య) వేయాలి. వేయకపోతే మీ విమానాన్నే ఇంకో విమానంగా చూపించి, మీ మీద మీరే పడబోతున్నట్టు హెచ్చరికలు వస్తాయి. అద్దె విమానం మారిన ప్రతిసారీ కోడ్ మార్చడం ఎగిరేముందు చూసుకునే చెక్‌లిస్టులో చేర్చుకోండి. పాత విమానం కోడ్ అలాగే ఉండిపోయి, ఆ విమానం అదే సమయంలో ప్యాటర్న్‌లో ఉంటే, దాన్నే తెర మీంచి దాచేసినట్టవుతుంది. స్కూళ్లలో ఇది అరుదైన పరిస్థితి కాదు. కోడ్ వేసినా టిస్-బీ నుంచి మీ నీడ ఒకటి వెంటాడవచ్చు. రాడార్ చూసిన మీ పాత స్థానం వేరే విమానంలా వెనకే వస్తుంది, మీరు తిరిగితే అదీ తిరుగుతుంది. విమానాశ్రయ రాడార్ ఒక చుట్టు తిరగడానికి 5 సెకన్ల దగ్గర పడుతుంది కాబట్టి అంత ఆలస్యం ఉండనే ఉంటుంది. దూరపు రూట్ రాడార్‌కు 12 సెకన్లు. టిస్-బీ గుర్తు ఉన్న చోట విమానం ఇప్పుడు లేదనే అనుకోవాలి.

ఐప్యాడ్‌లో ఒక చిక్కు చాలామందిని తిప్పలు పెడుతుంది. వైఫై కలిసినా యాప్‌లో ఏమీ రాకపోతే, ఐప్యాడ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి ఆ యాప్‌కు ఇచ్చారో లేదో మొదట చూడండి. హెచ్చరికల శబ్దం బ్లూటూత్‌లో హెడ్‌సెట్‌కు చేరేలా నేలమీదే సరిచూసుకోండి. ప్యాటర్న్‌లో తెర చూసే తీరిక ఉండదు, ఉండకూడదు కూడా. చెవికి అందే హెచ్చరికే అక్కడ పనికొచ్చేది. మ్యాప్ మీద రద్దీ తగ్గాలంటే ఫోర్‌ఫ్లైట్‌లో దూరపు ట్రాఫిక్‌ను దాచే సెట్టింగ్ ఉంది. 15 నాటికల్ మైళ్ల అవతల, 3,500 అడుగుల తేడా దాటిన వాటిని తీసేస్తుంది.

వాడే పద్ధతి దూరాన్ని బట్టి మారాలి. పది మైళ్ల దగ్గర రేడియోలో మొదటి కాల్ చేసేముందు తెర మీద తీరిగ్గా ఒక చూపు. ఎన్ని విమానాలు, ఏ రన్‌వే వాడుతున్నారు, సూటిగా దిగేవి ఉన్నాయా, వేగమెంత. రేడియోలో విన్న పేర్లను తెర మీది వాటితో జత చేసుకోవాలి. రేడియోలో వినిపిస్తున్నది తెరలో లేకపోయినా, తెరలో ఉన్నది రేడియోలో వినిపించకపోయినా దాని గురించే జాగ్రత్త పడాలి. అయిదు మైళ్ల దగ్గర ఇంకో చూపు. అక్కడే వరస కుదరకపోతే ప్యాటర్న్ ఎత్తుకు దిగకుండా పక్కకు తప్పుకుని ఒక చుట్టు తిరగడం మంచిది. డౌన్‌విండ్‌లోకి (రన్‌వేకు సమాంతరంగా వెళ్లే దారిలోకి) వచ్చాక తెరను వదిలేసి బయటికి చూడాలి. బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగేముందు రన్‌వేకు ఎదురు వైపు, ఫైనల్ మార్గం పొడవునా చూడాలి. పై రెక్క విమానమైతే తిరగబోయే వైపు రెక్క కాస్త ఎత్తి చూసి తిరగాలి. 2025 ఫిబ్రవరి 19న అరిజోనాలోని మరానాలో టవర్ లేని విమానాశ్రయం దగ్గర ల్యాన్సెయిర్ అనే చిన్న విమానం, ఒక సెస్నా 172 ఢీకొని ల్యాన్సెయిర్‌లోని ఇద్దరూ చనిపోయారు. అలాంటి చోట వరస చూసుకునే పని పూర్తిగా పైలట్లదే.

టవర్ ఉన్న చోట ధీమాగా ఉండవచ్చా అంటే అదీ కాదు. 2022 జులై 17న నార్త్ లాస్ వేగస్‌లో ఎడమ రన్‌వేకు అనుమతి పొందిన పైపర్ విమానం కుడి రన్‌వే దారిలోకి వచ్చేసి సెస్నా 172ను ఢీకొంది, నలుగురు చనిపోయారు. 2021 మే 12న డెన్వర్ దగ్గరి సెంటెనియల్‌లో సిర్రస్ అనే చిన్న విమానం తన రన్‌వే దారి దాటి, పక్క రన్‌వేకు దిగుతున్న మెట్రోలైనర్ అనే రెండింజన్ల విమానం వీపు చీల్చింది. సిర్రస్ పారాషూట్‌తో దిగింది, మెట్రోలైనర్ రన్‌వే చేరింది, ఎవరికీ గాయాలు కాలేదు. పక్కపక్క రన్‌వేల దగ్గర ఈ పెట్టె దాదాపు ప్రతి దిగుడులో హెచ్చరిస్తుంది, ఎందుకంటే పక్క విమానం నిజంగానే దగ్గర్లో ఉంటుంది. విసిగి శబ్దం ఆపేసేవాళ్లున్నారు. ఆపవద్దు, కానీ అక్కడ దీని మీద ఎక్కువ ఆశ కూడా పెట్టుకోవద్దు. మీ ఫైనల్ గీతను దాటకుండా బేస్ నుంచి తిరగడమే అక్కడి రక్షణ.

ఇది చూపించలేనివి కూడా స్పష్టంగా చెప్పాలి. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో అవుట్ తప్పనిసరి అయింది పెద్ద విమానాశ్రయాల చుట్టూ, 10,000 అడుగుల పైన వంటి కొన్ని చోట్లే. మారుమూల ప్యాటర్న్‌లో అవుట్ లేకుండా ఎగరడం చట్టబద్ధమే. తయారైనప్పుడే విద్యుత్ వ్యవస్థ లేని పాత విమానాలకు చాలా మినహాయింపు ఉంది. 2023 మార్చి 7న ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో ఒక శిక్షణ పైపర్‌ను ఢీకొన్నది అలాంటి తరం నీటి విమానం, పైపర్ కబ్. నలుగురు పోయారు. ఇలాంటి విమానాన్ని ఏ ఏడీఎస్-బీ పెట్టె కూడా నేరుగా చూపించదు. ఇంకో రకం కూడా ఉంది. 2019 మే 13న అలాస్కాలోని కెచికాన్ దగ్గర పర్యాటకుల విమానాలు రెండు ఢీకొని ఆరుగురు చనిపోయారు. ఒకదాంట్లో ఎత్తు పంపే పరికరం స్విచ్ ఆఫ్‌లో ఉండడంతో, స్థానం ప్రసారమవుతున్నా ఎత్తు వెళ్లలేదు. ఎత్తు తెలియని విమానం గురించి రెండో విమానంలోని యాప్ హెచ్చరించలేకపోయింది. మీ ట్రాన్స్‌పాండర్ ఎత్తుతో సహా పంపే స్థితిలో ఉందా అని టేకాఫ్‌కు ముందు చూడడం ఎదుటివాళ్ల ప్రాణానికి మీరిచ్చే పూచీ.

పోటీలో ఉన్న సెంట్రీ అనే రెడీమేడ్ రిసీవర్‌తో పోలిస్తే? సెంట్రీకి సొంత బ్యాటరీ సుమారు 12 గంటలు, కార్బన్ మోనాక్సైడ్ (ఇంజన్ పొగలోని విషవాయువు) అలారం, గట్టి నిర్మాణం. ఇంజన్ వేడితో క్యాబిన్ వెచ్చబరిచే చలికాలపు రాష్ట్రాల్లో ఆ అలారం ఒక్కటే ధరకు న్యాయం చేస్తుంది. కానీ అది ఫోర్‌ఫ్లైట్‌తో మాత్రమే పనిచేస్తుంది, ఆ యాప్ చందా ఏటా కట్టాలి. సాఫ్ట్‌వేర్, తీగలు అంటే విసుగు ఉన్నవాళ్లు, ఇప్పటికే ఫోర్‌ఫ్లైట్ వాడేవాళ్లు సెంట్రీ తీసుకోవచ్చు. తక్కువ ఖర్చులో రెండు ఫ్రీక్వెన్సీలూ వినాలి, చెడిపోతే తామే బాగుచేసుకోవాలి అనుకునేవాళ్లకు స్ట్రాటక్స్. ట్రాఫిక్ పట్టుకోవడంలో సరిగా కట్టిన స్ట్రాటక్స్ ఏమీ తీసిపోదు.

అమెరికా బయట మాత్రం లెక్క మారుతుంది. కెనడాలో, భారత్‌లో 978 ప్రసారాలు లేవు, చిన్న విమానాలకు ట్రాఫిక్ తిరిగి పంపే నేలమీది సేవా లేదు. రెండో డాంగిల్‌కు పని ఉండదు, అవుట్ ఉన్న విమానాలే కనిపిస్తాయి, అమెరికాలో 978 మీద అందే వాతావరణ సమాచారమూ రాదు. 2025 జులై 8న కెనడాలోని మానిటోబాలో స్టైన్‌బాక్ దగ్గర టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు సాధన చేస్తున్న రెండు శిక్షణ విమానాలు ఢీకొని ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. వారిలో ఒకరు కేరళ నుంచి వెళ్లినవారు. కెనడా స్కూల్లో చేరబోయే వాళ్లు అమెరికా మిత్రుల మాట విని స్ట్రాటక్స్ కొనేముందు, ఆ స్కూలు విమానాల్లో ఎన్నింటికి అవుట్ ఉందో అడగండి. ఒక్కదానికీ లేకపోతే ఈ పెట్టె ఆ ప్యాటర్న్‌లో ఖాళీ తెరే చూపిస్తుంది.